ఛాత్రోపాధ్యాయులు - డిజిటల్ రచన

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో కంప్యూటరు పాఠ్యాంశమైనది. కాని రచనాభ్యాసముతో దానికి గల సంబంధము ఇంకను సరిగా కుదురలేదు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు బి.ఇడి. కోర్సును రెండేండ్లకు పెంచి, వృత్తి సామర్థ్యమును పెంపొందించు నాలుగు అంశములను చేర్చినవి. గ్రంథములను చదివి ఆలోచించుట వానిలో ఒకటి. సమాచార సాంకేతికతను విమర్శదృష్టితో గ్రహించుట మరియొకటి. రెండును మంచివే. వానిని విడివిడిగా ఉంచుట లోపము. ఇట్లు విడదీసినచో ఒకచోట రికార్డును చేతితో వ్రాసి, మరియొకచోట టైపుచేసి అప్పగించుటతో పని ముగియు ప్రమాదము కలదు. అపుడు సాధనము మారునే గాని అభ్యాసము మారదు.

డిజిటల్ రచనకు గల అసలు ప్రయోజనము ఒక ఉదాహరణము వలన తేటపడును. ఒక ఛాత్రోపాధ్యాయుడు తోటివారందరును చూడగల పుటలో "నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును" అని వ్రాసెననుకొనుడు. "లేహ్ పట్టణములో కూడనా?" అని ఒకరు ప్రశ్నింతురు. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. అచట గాలి పీడనము తక్కువ గనుక నీరు సుమారు 88 డిగ్రీలకే మరుగును. అంతట మొదటి వాక్యమునకు "సముద్రమట్టపు సాధారణ పీడనము వద్ద" అను మాటలు చేరును. తొలి వాక్యము, ప్రశ్న, దిద్దుబాటు మూడును పుటలో నిలిచియుండును. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసమునకును ఇట్టి మార్పుల చరిత్ర కలదు. సాపుప్రతిలో ఇది కానరాదు.

ఈ సూత్రము కొత్తది కాదు. 1974లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో జేమ్స్ గ్రే ప్రారంభించిన బే ఏరియా రైటింగ్ ప్రాజెక్టు, రచన నేర్పు ఉపాధ్యాయుడు తానును వ్రాయవలెనని, వ్రాసినదానిని తోటి ఉపాధ్యాయులకు చూపవలెనని పట్టుపట్టినది. కావున కంప్యూటర్లు చాలని కళాశాలలోను చిత్తుప్రతులకు తేదీలు వేసి దాచినచో కొంత మేలు కలుగును.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట తుదిప్రతిని మాత్రమే చూచి మార్కులు వేయుట మరింత వ్యర్థమైనది. నున్నని వాక్యములను యంత్రమే వ్రాసియిచ్చును. వాక్యమును ఎందులకు మార్చవలసి వచ్చినదో చెప్పగలవాడే విషయము నెరిగినవాడు. మార్కులలో సగమైనను ఆ వివరణకు కేటాయింపవలెను. రేపు ఈ ఛాత్రోపాధ్యాయుడే పిల్లల నోటుపుస్తకములు దిద్దవలసియున్నది. నలుగురి ప్రశ్నలకు తన వాక్యమును దిద్దుకొన్న అనుభవము లేనివాడు, పిల్లవాని తప్పుపై ఎఱ్ఱగీత గీయుటకు మించి ఏమి చేయగలడు?