గోదారి గట్టున ఇనుపలయ

కంటికి కనబడకముందే చెవికి అందుతావు నువ్వు. రావులపాలెం దాటి, కొబ్బరి నీడలను చీల్చుకుంటూ, కాలువగట్టు మలుపు ఇంకా తిరగనే తిరగవు; నీ రాక ఊరికి తెలిసిపోతుంది. లాకుల దగ్గర దుమికే నీటి హోరులోంచి, సార్వా నాట్ల పాటలోంచి, పడమటి వీధి గుడిగంటలోంచి విడివడి, తడబడక, తొందరపడక, ఏనుగు అడుగులా ఒక్కొక్క మోతా తూచి వేస్తూ వస్తావు. డుగ్, డుగ్, డుగ్. అరుగు మీది పిల్లలు ఆట ఆపి, "అమ్మా, నాన్నగారు వంతెన ఎక్కేశారే!" అని లోపలికి కేకేస్తారు. ఊళ్లో పది బుల్లెట్లుంటే పదింటికీ పది గొంతులు. ఏది ప్రెసిడెంటు గారిదో, ఏది డాక్టరు గారిదో, ఏది రొయ్యల చెరువుల రాజు గారిదో కళ్లు మూసుకుని చెప్పగల ముసలమ్మలున్న సీమ ఇది.

ఓ బుల్లెట్టూ, ఓ నల్లని నిగనిగల నడిచే నాదమా, నీకు నమస్కారం. ఎక్కడి రెడ్డిచ్, ఎక్కడి రాజోలు! ఇంగ్లండులో తుపాకుల పనితనం వంశనామంగా మోసిన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంట 1932లో నీకా పేరు పెట్టారు. 1955లో మద్రాసు తిరువొత్తియూరుకి తరలివచ్చావు. మన ఉప్పుగాలి పీల్చి, మన ఎండకు కాగి, మన గతుకులు మోసి మనవాడివయ్యావు. మంచుకొండల సరిహద్దులో జవానును మోసిన భుజం మీదే మా వడ్లబస్తా మోశావు. 1967లో రెడ్డిచ్ కర్మాగారం తలుపులు మూసుకున్నా, ఇక్కడి కొలిమి చల్లారలేదు. పుట్టినింట మరిచిన పాటను మెట్టినింట నిత్యం పాడుకున్నట్టు, సముద్రాలకు ఇవతల, ఈ తూర్పుతీరమే నీ లయను కాపాడింది.

నీ రూపం చూస్తే కన్ను తృప్తిపడి ఊరుకోదు, చెయ్యి కూడా తడమాలంటుంది. జారిపోబోయే నీటిబొట్టులాంటి ట్యాంకు; దాని అంచు వెంబడి కుంచె పట్టిన చెయ్యి వణక్కుండా, చెదరకుండా లాగిన బంగారుగీత. యంత్రం కొలిచి వేసిన గీత కాదది, మనిషి ఊపిరి బిగబట్టి వేసిన గీత. నొసట పెద్ద దీపం, దానికి అటూ ఇటూ పులికళ్లలాంటి రెండు చిన్ని దీపాలు. 1954లో దిద్దుకున్న ఆ ముఖం ఈనాటికీ చెదరలేదు. వెన్ను నిటారుగా నిలిపే సీటు. నీ మీద కూర్చున్నవాడు గాలితో కుస్తీ పట్టడు, వంగి వంగి దారిని వేటాడడు. గాలికి ఛాతీ ఇస్తాడు, చేలకు చూపు ఇస్తాడు, ఎదురొచ్చినవాడికి చెయ్యెత్తి పలకరింపు ఇస్తాడు.

ఇక నిన్ను మేలుకొలపడం! అది పని కాదు, సేవ. పెట్రోలు చెవి తిప్పాలి. తాళం తిప్పాలి. ఆంపియర్ ముల్లు మీద కన్ను నిలపాలి. కిక్కు కడ్డీని మెల్లమెల్లగా, బుజ్జగిస్తున్నట్టు నొక్కుతుంటే, లోపల పిస్టను బరువుగా ఎగబాకి, ఇక ఎక్కనని ఒకచోట మొండికేస్తుంది. సరిగ్గా అప్పుడే ముల్లు నడిమికి వచ్చి నిలుస్తుంది. డీకంప్రెషన్ మీట పట్టి, బిగిసిన ఊపిరిని కాస్త వదిలించి, పిస్టనును శిఖరం దాటించి, మీట విడిచి, కడ్డీని పైకి రానిచ్చి, అప్పుడు, అప్పుడు మాత్రమే, ఒంటి బరువంతా ఒక్క పాదంలోకి తెచ్చి దిగాలి. పద్ధతి తెలిసినవాడికి ఒక్క తాపుకే పలుకుతావు. తెలియనివాడి పిక్కను తిరగ్గొట్టి మరీ పాఠం చెబుతావు. తండ్రి కొడుక్కి ఈ విద్యను పుస్తకంలో రాసి ఇవ్వలేదు. పెరట్లో, కొబ్బరిచెట్టు కింద, పాదం మీద పాదం పెట్టి నేర్పాడు.

నీ గొంతు రహస్యం రెండు అంకెల్లో దాగి ఉంది. నీ ఇనుపగుండె అడ్డం 70 మిల్లీమీటర్లు. అందులో పిస్టను ఎక్కి దిగే దారి 90. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. అందుకే నీ ఊపిరి పొడుగు, అందుకే నీ మాట నిదానం. దానికి తోడు బరువైన ఫ్లైవీల్; ఒకసారి తిరగడం మొదలుపెడితే ఆగడం మరిచిపోయే చక్రం. ఒక పేలుడుకీ మరో పేలుడుకీ నడుమ మౌనం ఉంటుంది చూశావా, నీ సంగీతమంతా ఆ మౌనంలోనే ఉంది. బల్లపరుపు డెల్టాకి ఆ నిదానం ఎంత చక్కగా కుదిరింది! ఎక్కే కొండ లేదు, ఎగబడే తొందర లేదు. టాప్ గేరులో వేసి వదిలేస్తే, కడియం పూలతోటల మీదుగా, ఆలమూరు అరటితోటల మీదుగా, నీళ్ల మీద నావ సాగినట్టు సాగిపోతావు.

నీకంటే భారీ దేహాలు లోకంలో లేవని కాదు. మిల్వాకీలో హార్లే డేవిడ్‌సన్ వాళ్లు నలభై అయిదు డిగ్రీల కోణంలో జంట సిలిండర్లను నిలిపి, ఆ కోణాన్నే కులదైవంగా కొలుస్తున్నారు. జపానులో హోండా వాళ్లు 1975లో గోల్డ్‌వింగ్‌ను నీళ్లతో చల్లబరిచి, గొలుసు తీసి షాఫ్టు పెట్టి, క్రమంగా ఆరు సిలిండర్లు, 1833 సీసీల దాకా పెంచి, వెనక్కి నడిచే విద్య కూడా నేర్పారు. ఒకరిది పట్టినది వదలని వ్రతం, ఒకరిది ఏటికేడు కొత్త జన్మ. ఇద్దరికీ దండం. కానీ ఒకపక్క కాలువ, ఒకపక్క చేను, ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చే మా గట్టు మీద, భారీతనమంటే మాకు నువ్వే.

నిన్ను పాతదనంటారు. ఆ మాట నాకు గుచ్చుకుంటుంది. 1948లో కోల్మోర్ కప్పు పోటీలో నీ తొలినమూనా వెనకచక్రానికి స్వింగార్మ్ సస్పెన్షన్ పెట్టుకుని దిగినప్పుడు, లోకం నోరు తెరిచింది కదా! ఇప్పుడు పాతకాలపు హాయి అని మేం మురిసే ఆ ఊపు, ఆనాడు ఎవరూ ఊహించని సాహసం. డీజిలు గుండె పెట్టుకుని, 325 సీసీల టారస్‌గా కూడా కొన్నాళ్లు పల్లెలు తిరిగావు. గేరును కుడికాలి నుంచి ఎడమకాలికి మార్చి, తరాల అలవాటును తలకిందులు చేశావు. ఇనుము పోయి అల్యూమినియం వచ్చింది. కార్బొరేటరు పోయి ఇంజెక్షన్ వచ్చింది. 2023 సెప్టెంబరులో కొత్త 349 సీసీల గుండె పెట్టుకుని మళ్లీ వచ్చావు. లోపల అదురును అణిచే బ్యాలెన్సర్ షాఫ్టు, ముందుకంటే గట్టి చట్రం, చక్రం జారకుండా పట్టే ఏబీఎస్. బరువు మాత్రం 195 కిలోలు. తేలిక కావడానికి నువ్వు ఒప్పుకోలేదు.

ఆ కొత్త గుండె కొలతలు చదివినప్పుడు నా ఒళ్లు పులకరించింది. అడ్డం 72, పిస్టను దారి 85.8. అన్నీ విప్పి, అన్నీ పక్కన పెట్టి, తెల్లకాగితం మీద మళ్లీ మొదలుపెట్టిన శిల్పులు, ఆ ఒక్కటీ విడవలేదు: వెడల్పు కంటే లోతే ఎక్కువ ఉంచారు. అద్దంలో వెనకొచ్చే లారీ ఇప్పుడు వణక్కుండా కనబడుతోంది, అరచేతికి తిమ్మిరెక్కడం లేదు, అయినా మౌనానికి మౌనానికి నడుమ ఆ పలుకు పలుకుతూనే ఉంది.

కిక్కు మాత్రం పోయింది. అది నాకు దుఃఖమే, దాచుకోను. బొటనవేలు బొత్తాం నొక్కితే లేచే నిన్ను చూసి సంతోషిస్తాను. పాదం మీద పాదం పెట్టి నేర్పే తండ్రి చేతికి ఇక పనిలేదని దిగులుపడతాను. మోకాలు అరిగిన పెద్దాయన నీ మీద మళ్లీ బజారుకు వెళ్లగలుగుతున్నాడు, ఇంటి ఇల్లాలు చీర కుచ్చెళ్లు సర్దుకుని తానే నిన్ను తోలుకుంటోంది, ఆ మేలు చిన్నది కాదని ఒప్పుకుంటాను. ఆ రెండూ నా గుండెలో పక్కపక్కనే ఉన్నాయి.

మాకు ఈ పాఠం గోదారమ్మ ఎప్పుడో చెప్పింది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852 నాటికి నిలిపిన ఆనకట్ట ముసలిదైతే, దాని చోట కొత్త బ్యారేజీ లేచింది; నీళ్లు మాత్రం ఆ పాత కాలువల్లోనే, ఆ పాత వంపుల్లోనే పరుగెత్తుతున్నాయి. 1900 నుంచి రైళ్లను మోసిన హేవలాక్ వంతెన, 1997లో విల్లుల వరసలా కొత్త వంతెన లేవగానే పక్కకు తప్పుకుంది. ఆ రెంటి దగ్గరే 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన. కింద రైలు, పైన నువ్వు! కొవ్వూరు నుంచి రాజమండ్రి దాకా ఉక్కు కింద ఉక్కు ఉరుముతుంటే, సందె ఎరుపు నీళ్ల మీద పరుచుకుంటుంటే, నీ మోత ఆ మోతలో మునగదు. రైలుకు దరువేస్తున్నట్టే ఉంటుంది.

ఒక్క మాట కోపంగా అంటాను. నీ సైలెన్సరు పీకి, ఊరంతా పగిలేలా పేలుళ్లు పేల్చుకుంటూ నడిజాము వీధుల్లో తిరిగే కుర్రాళ్లకు నీ భాష రాదు. వాళ్లు నీ గొంతు పెంచడం లేదు, నీ మౌనాన్ని చంపుతున్నారు.

గోకవరం దాటి, రంపచోడవరం దాటి, మారేడుమిల్లి ఘాటు ఎక్కేటప్పుడు నిన్ను చూడాలి. వెదురుపొదల చీకటిలో, మలుపుకు మలుపు ముడిపడే దారిలో, పక్కనే నీ తమ్ముడు హిమాలయన్, 452 సీసీల నీటిచల్లని గుండెతో, చురుగ్గా, సన్నగా, గాలిపాటలా దూసుకుపోతాడు. పోనీ. నువ్వు రెండో గేరులో గొంతు దించి, కొండకు జవాబు చెబుతూ, బరువును బరువుగానే మోస్తూ ఎక్కుతావు.

2024 నవంబరులో మిలాన్‌లో మీ ఇంట మరో బిడ్డ తెర తీసుకుంది: ఫ్లయింగ్ ఫ్లీ సీ6. రెండో ప్రపంచయుద్ధంలో పారాచూటుకు కట్టి ఆకాశం నుంచి దింపిన 125 సీసీల చిట్టిబండి పేరు దానిది. పెట్రోలు లేదు, పొగ లేదు, పిస్టనే లేదు. ముందు మాత్రం తాతలనాటి గర్డర్ ఫోర్కు. రేపు నువ్వూ ఆ బాట పడతావేమో. పడితే పడు. స్పీకరులో దొంగ డుగ్‌డుగ్ మాత్రం పెట్టుకోకు. పోయిన ఊపిరిని పెట్టెలో బంధించి అమ్మకు. ఆ నిటారు వెన్ను ఇవ్వు, ఆ బరువు నేలకు ఆనించు, ఆ బంగారుగీతకు కుంచె పట్టిన చేతినే పిలువు. నీ కొత్త నడక ఏదైనా సరే, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వచ్చెయ్. ఛార్జింగు పెట్టే చోటు మేం చూసి ఉంచుతాం.