ఇస్త్రీపెట్టె కింద నారింజ చుక్కలు

నల్ల చొక్కా మీద తుపాకీ మందు మరకలు కంటికి ఆనవు. గ్రీస్ పరీక్ష చేసే ఫోరెన్సిక్ నిపుణుల పనితనం అక్కడే తెలుస్తుంది. సల్ఫానిలిక్ ఆమ్లం, ఆల్ఫా నాఫ్థాల్ పట్టించిన ఫోటో కాగితం మీద చొక్కాను బోర్లా పరుస్తారు. పైన ఎసిటిక్ ఆమ్లంలో తడిపిన పల్చటి గుడ్డ కప్పి, వేడి ఇస్త్రీపెట్టెతో అదుముతారు. ఆవిరి కిందికి దిగి, మందు కాలగా మిగిలిన నైట్రైట్ ఉన్నచోటల్లా కాగితం మీద నారింజ చుక్కలు పొడుస్తాయి. చూసి తీరాల్సిన పని! సీసం జాడకు సోడియం రోడిజోనేట్ పరీక్ష ఆ తర్వాతే.

నాకు అన్నిటికన్నా నచ్చేది వాళ్ల నిదానం. చుక్కలు చూడగానే తుపాకీ ఎంత దూరం నుంచి పేలిందో చెప్పెయ్యరు. అదే తుపాకీతో, అదే రకం తూటాలతో వేర్వేరు దూరాల నుంచి కాల్చి, పోల్చి చూశాకే నోరు విప్పుతారు. రంగు ఒక్కదాన్నే నమ్మితే చిక్కే: చేతుల మీద నైట్రేట్ వెతికిన పాత పారఫిన్ పరీక్షలో ఎరువు చల్లిన చేతికీ నీలం రంగే వచ్చేది. అందుకే దాన్ని పక్కన పెట్టేశారు.