పుణ్యంతో పాటు కొలతలు

కమాన్‌పూర్ నుంచి భూపాలపల్లి మీదుగా పాలంపేట వెళ్తే రామప్ప గుడి, దానికి దగ్గర్లోనే రామప్ప చెరువు కనిపిస్తాయి. గుడిని 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. మెట్ట సీమలో దేవుడికి నిత్యం నైవేద్యం సాగాలంటే వడ్లు కావాలి, వడ్లకు నీళ్లు కావాలి. గుళ్లు, మఠాలు వెలిసిన చాలా చోట్ల చెరువులు తవ్వించింది, మెట్ట మాగాణి అయింది అందుకే. పైగా పుణ్యం తెచ్చే సప్తసంతానాల్లో చెరువు ఒకటి.

అయితే పుణ్యకాంక్ష కట్టను నిలబెట్టదు. నిలబెట్టే విద్యను రాతిమీద చెక్కించినవాడు భాస్కర భవదూరుడు. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు, ఉదయగిరి పాలకుడు. కడప సీమలోని పోరుమామిళ్లలో 1369లో వేయించిన ఆ సంస్కృత శాసనం జలదాన మహిమతో మొదలై, మెల్లగా మేస్త్రీ భాషలోకి దిగుతుంది.

చెరువుకు పన్నెండు అంగాలు చెబుతుంది. ధర్మాత్ముడైన రాజు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తీపినీటి ఏరు, దానికి ఆనుకున్న కొండలు. ఆ కొండల మధ్య రాతికట్ట: మరీ పొడుగు కాకూడదు, బిగువుగా ఉండాలి. ఇందులో తెలివి చూడండి. కట్టే పనిలో చాలా భాగం కొండలే చేసేశాయి, మనిషి పూడ్చాల్సింది సందు మాత్రమే. పొడుగాటి తిన్నని రాళ్లు దొరికే గని, లోతైన విశాలమైన చెరువు గర్భం, దిగువన సారవంతమైన చదును పొలం, చివరికి పని తెలిసిన జనం కూడా అంగాలే.

మన పాత చెరువుల్లో తూము పనితనం ఇంకా ముచ్చటైనది. నీళ్లలో రెండు రాతి కంబాలు, వాటి మధ్య బెజ్జాలున్న అడ్డరాళ్లు. ఆ బెజ్జాల గుండా దిగిన కర్ర కొన, అడుగున కాలువ నోటిని మూస్తుంది. కర్రను నీళ్లు వదిలే నీరటి ఎంత లేపితే అంత నీరు కట్ట కింద నుంచి ఆయకట్టుకు పారుతుంది. మిగులు నీరు మత్తడి దూకుతుంది.

శాసనం ఆరు దోషాలనూ దాచలేదు. కట్ట ఊరడం, చవిటినేల, రెండు రాజ్యాల సరిహద్దు, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీరు ఎక్కువై చోటు తక్కువ కావడం. సరిహద్దును దోషాల్లో చేర్చినవాడు నీటి తగాదాలు చూసినవాడే అయి ఉండాలి! రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని శ్రమ లెక్క కూడా రాశారు.

మీ ఊరి చెరువుకు పూడిక తీయించే ముందు కట్ట మీద ఒకసారి నడిచి, ఈ ఆరింటిలో ఏదుందో చూడండి.