డింగ్ లింగ్ కనిపించని ఏళ్ళు

మాస్కో ప్రగతి, రాదుగ వాళ్ళు తెలుగులోనే పుస్తకాలు అచ్చువేసి మనకి పంపేవారు. బీజింగ్‌లోని విదేశీ భాషల ప్రచురణాలయం పుస్తకాలు మాత్రం నాకు ఇంగ్లీషులోనే దొరికాయి. 1952లో మొదలైన ఈ ప్రభుత్వ సంస్థ పేరెత్తగానే మన విప్లవ మిత్రులకి మావో రచనలూ, లూసున్ కథలూ గుర్తొస్తాయి. నేను ఆ సంస్థ చరిత్రని ఒక రచయిత్రి పుస్తకాల వెంట నడిచి చూస్తున్నాను.

డింగ్ లింగ్ 'సోఫియా డైరీ' అచ్చయింది 1928లో. క్షయతో ఒంటరిగా ఉన్న యువతి తన కోరికనీ, ఆ కోరిక రేపిన మగవాడి మీద ఏవగింపునీ ఏదీ దాచకుండా రాసుకుంటుంది. ఇరవై ఏళ్ళ తర్వాత అదే రచయిత్రి భూసంస్కరణ మీద 'సాంగ్‌గాన్ నది మీద సూర్యుడు' నవల రాసింది. దానికి స్టాలిన్ బహుమతి వచ్చింది. 1954లో ప్రచురణాలయం ఇంగ్లీషులోకి తెచ్చింది ఈ నవలనే. అనువాదం యాంగ్ షియెన్ యి, గ్లాడిస్ యాంగ్ దంపతులది. సోఫియాని బయటి ప్రపంచానికి చూపించాలని అప్పుడు ఎవరికీ అనిపించలేదు.

ఈ రెంటి మధ్యా మరో రచన ఉంది. 1942లో యెనాన్‌లో మార్చి 8 సందర్భంగా ఆమె రాసిన వ్యాసం. పెళ్ళి చేసుకోకపోతే నిందే, చేసుకుని పిల్లల్ని కంటే వెనకబడిందని నిందే, ఆ పైన విడాకులు - విప్లవ కేంద్రంలోనే ఆడవాళ్ళ గతి ఇదేమిటని అడిగింది. విమర్శలు ముంచెత్తాయి, వెనక్కి తగ్గక తప్పలేదు. 1957లో 'మితవాది' ముద్ర వేశారు. ఈశాన్య చైనా బీడు భూములకి పంపారు. 1970 నుంచి అయిదేళ్ళు జైలు. నవలని అనువదించిన దంపతులూ 1968 నుంచి నాలుగేళ్ళు జైల్లోనే ఉన్నారు.

ఆ కాలంలో, 1972లో, ప్రచురణాలయం ఇంగ్లీషులో అచ్చువేసిన వాటిలో 'ఎర్ర మహిళా దళం' నృత్యనాటకం ఒకటి. బానిసత్వం నుంచి పారిపోయి తుపాకీ పట్టిన వూ చింగ్హువా కథ. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు, చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది కూడా. కానీ ఆమెకి వంటిల్లు లేదు, చంటిపిల్ల లేదు, మొగుడు లేడు. డింగ్ లింగ్ అడిగిన ప్రశ్నల్లో ఒక్కటీ ఆమెకి ఎదురుకాదు. విదేశాల్లో మనం చైనా స్త్రీ అనుకున్నది ఈమెనే!

డింగ్ లింగ్ మీద ముద్ర 1979లో తొలగింది. 1981లో మొదలైన పాండా బుక్స్ మరుసటి ఏడే ఏడుగురు రచయిత్రుల కథల సంపుటం తెచ్చింది. దానికి ముందుమాట గ్లాడిస్‌ది. ఆ ఏడుగురిలో షెన్ రోంగ్ ఒకరు. ఆమె 'నడివయసు' కథలో ఆస్పత్రి పనీ ఇంటి పనీ కలిసి కుప్పకూల్చిన కళ్ళ డాక్టరు ఉంది. 1985లో సోఫియా కూడా పాండా బుక్స్‌లో ఇంగ్లీషులో వచ్చింది, యాభై ఏడేళ్ళ తర్వాత. డింగ్ లింగ్ 1986లో పోయింది.

సోఫియాని చదివాక సాంగ్‌గాన్ నవల మళ్ళీ తీశాను. భూస్వామి ఇంట్లో పెరిగిన హెయ్‌ని అనే పిల్ల, ఆమె ప్రేమించిన రైతు సంఘం నాయకుడు. ఆ ఇంటి పిల్ల కావడం వల్ల అతను తప్పుకు తిరుగుతుంటాడు. వర్గం గురించి పేజీల కొద్దీ చర్చ జరిగే ఆ నవలలో ఆమెకి దక్కిన మాటలు కొన్నే. మొదటిసారి చదివినప్పుడు నేనా పేజీలు గబగబా తిప్పేశాను. ఇప్పుడు నవల మొత్తంలో నన్ను ఆపుతున్నవి అవే.