ఎన్ని రాత్రుల కథ?

మా బాపమ్మకు ఒగ్గు కథ అంటే ప్రాణం. మల్లన్న పట్నాలకు ఒగ్గోళ్లు వాకిట్లో డోలు దింపగానే ఆమె అడిగే మొదటి మాట ఒక్కటే: "ఎన్ని రాత్రుల కథ, అయ్యా?" ఒక్క రాత్రి అంటే వండేది ఒక తీరు, మూడు రాత్రులంటే ఇంకో తీరు. కథ ఎక్కడ ఆగుతుందో తెలిస్తేనే వినేవాడు నిమ్మళంగా కూర్చుంటాడని, చెప్పేవాడు దారి తప్పడని ఆమె నమ్మకం.

ఇన్నేండ్లు టీవీ చూసిన తర్వాత నాకు అంతకన్నా మంచి కొలత దొరకలేదు. మినీ సిరీస్ గొప్పతనమంతా ఆ ప్రశ్నకు ముందే జవాబు చెప్పడంలో ఉంది. ఐదంటే ఐదు, పదంటే పది. యుద్ధ కథకైతే ఈ కట్టుబాటు మరీ అవసరం. యుద్ధం ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తుంది. ముగిసిన తెల్లారి ఇంటింటికీ ఎవరు మిగిలారో లెక్క చెప్పాలి. ఆ లెక్క చెప్పని కథ ఎంత ఖర్చుతో తీసినా నా దృష్టిలో తుపాకుల జాతరే.

మా తరానికి యుద్ధం ఆదివారం పొద్దున వచ్చింది. 1988 అక్టోబరు 2 నుంచి 1990 జూన్ 24 దాకా, బి.ఆర్. చోప్రా మహాభారతం 94 భాగాలు. మినీ అనడానికి లేదు కానీ, రాహీ మాసూమ్ రజా రాసిన మాటల బిగువు, కనబడకుండా కథ నడిపే 'సమయ్' గొంతు ఎలా మరిచిపోతాం? బాణాలు ఆకాశంలో ఎదురెదురుగా వచ్చి ఆగి ఆగి కొట్టుకుంటుంటే మాత్రం బాపమ్మకు నచ్చేది కాదు. "బాణం తాకాలె గని, దారిల నిలబడి ముచ్చట పెడుతదా?" అనేది.

ఆ 1988లోనే శ్యామ్ బెనెగల్ 'భారత్ ఏక్ ఖోజ్' మొదలైంది. మన తిరుమలగిరిలో పుట్టిన మనిషి. భారత యుద్ధం చెప్పడానికి ఆయన పాండవానీ కథకురాలు తీజన్ బాయిని పిలిచాడు. ఒక్క ఆడమనిషి, చేతిలో ఒక్క తంబూర. ఆ తంబూర భుజానికెక్కితే భీముని గద, ముందుకు చాపితే అర్జునుని విల్లు. ఏనుగులు లేవు, రథాలు లేవు. అయినా కురుక్షేత్రం దుమ్ము మా కండ్లలో పడింది! బాపమ్మ దగ్గరికి జరిగి చూసి, "ఈమె మన ఒగ్గామెనే" అన్నది. ఆమెకు హిందీ ఒక్క ముక్క రాదు.

ఆ మాటలో విమర్శ పుస్తకమంత విషయం ఉంది. ఒగ్గు కథలో ప్రధాన కథకుడు ఒక్కడే అందరూ అవుతాడు. రుమాలు తలకు చుడితే రాజు, అదే గుడ్డ కొంగులా కప్పుకుంటే రాణి. పక్కవాడు వంత పలుకుతూ అడగాల్సిన ప్రశ్న అడుగుతాడు. కథ కొస మీద ఉన్నప్పుడు డోలు ఆగుతుంది. వేములవాడ పక్కన హన్మాజీపేట మిద్దె రాములు ఈ విద్యను మారిషస్ దాకా మోసుకెళ్లిన ఘనుడు. కవి సినారె పుట్టింది కూడా ఆ ఊరే. ఒక్క ఊరికి ఇంత నోటి బలం ఎట్లా వచ్చిందో! ఆదిలాబాద్ వైపు పోతే ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ గోండుల వంశ కథలు, పోరాట కథలు పాడతారు. కొద్దిమందితో పెద్ద యుద్ధం చెప్పడం మన చేతిలో పాత విద్య. ప్రపంచంలో మంచి మినీ సిరీస్‌లు చేసిందీ ఇదే.

గోవింద్ నిహలానీ 'తమస్' చూడండి. 1988లో దూరదర్శన్‌లో వచ్చింది, మొత్తం సుమారు ఐదు గంటలు. దేశ విభజన నాటి అల్లర్లు. ఇది యుద్ధమా అని అడిగేవాళ్లుంటారు. పొరుగువాడి ఇల్లు కోట అయిన రోజున దాన్ని ఇంకేమనాలి? మొదలే నత్థూ ఒక పందిని చంపుతాడు. నత్థూ వేషంలో ఓంపురి ఒక్కడు, చీకటి కొట్టం, చెమట, చావక తప్పించుకునే జంతువు. ఆ సన్నివేశం నడుస్తూనే ఉంటుంది, మనకు ఊపిరాడదు. తెల్లారి ఆ కళేబరం మసీదు మెట్ల మీద తేలుతుంది. ఆ తర్వాత ఊరు తగలబడటాన్ని వేలమందితో చూపించే అవసరమే లేదు. ఒక్క ప్రాణం తీయడం ఎంత కష్టమో ముందే మన ఒంటికి తెలిసింది. దుకాణం పోగొట్టుకొని భార్యతో రాత్రంతా నడిచే ముసలి హర్నామ్ సింగ్ వేషం కట్టింది నవల రాసిన భీష్మ సాహ్నియే. ఈ సిరీస్ ఆపాలని కోర్టుకెక్కినవాళ్లకు సుప్రీంకోర్టు దాకా పోయినా పని కాలేదు. నన్నడిగితే మన దేశపు టీవీలో దీన్ని దాటింది రాలేదు. ఎవరన్నా వాదనకు వస్తే రండి.

బయటి దేశాల పనితనాన్ని కూడా మెచ్చుకోకుండా ఉండలేను. జర్మనీ వాళ్ల 'దాస్ బూట్' మొదట సినిమాగా, తర్వాత టీవీ భాగాలుగా వచ్చింది. సముద్రం అడుగున ఒక జలాంతర్గామి, అందులో ఇరుకు దారి, ఆ దారిలో కెమెరా పట్టుకొని ఉరికే యోస్ట్ వకానో. శత్రువు కనబడడు, చప్పుడు మాత్రమే వినబడుతుంది. 2001లో వచ్చిన 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్' పది భాగాలు. భాగం మొదట్లో ఆ యుద్ధంలో నిజంగా కొట్లాడిన ముసలివాళ్లు కూర్చొని మాట్లాడతారు. వాళ్ల పేర్లు చివరి భాగం దాకా చెప్పరు. ఎవరు బతికారో ముందే తెలిస్తే మన గుండె నిమ్మళమైపోతుందని! ఒగ్గు కథలో వంత చేసే పనే ఆ ముసలివాళ్లు చేసేది. బాస్టోన్ మంచులో నడిచే భాగమంతా ఒక్క వైద్య సహాయకుని వెంట పోతుంది. తుపాకి మాట పక్కనపెట్టి కట్టు గుడ్డ కోసం, కత్తెర కోసం, మార్ఫిన్ కోసం గుంట గుంటకూ తిరుగుతాడు. 2008 నాటి 'జనరేషన్ కిల్' ఏడు భాగాల్లో నేపథ్య సంగీతమే లేదు. ఇరాక్ ఎడారిలో సైనికులు తమకు తాము పాడుకునే పాటలు, ముగింపులో ఒక్క పాట తప్ప ఇంకే పాటా లేదు. అదీ ధైర్యమంటే.

కబీర్ ఖాన్ 'ది ఫర్గాటెన్ ఆర్మీ'లో (2020, ఐదు భాగాలు) హంగు కొంచెం ఎక్కువైందని నా ఫిర్యాదు. కానీ ఆయన కెప్టెన్ లక్ష్మీ సెహగల్, కల్నల్ ధిల్లాన్‌లను వెంటబెట్టుకొని ఆజాద్ హింద్ ఫౌజు నడిచిన దారి పట్టి డాక్యుమెంటరీ తీసింది 1999లో. ఇరవై ఏండ్లు ఒక కథను మోసిన మనిషిని తిట్టడానికి నోరు రాదు.

నోరు వచ్చేది సీరియళ్లు సాగదీసే వేరేవాళ్ల మీద. ఒక్క కత్తి లేవడానికి ఒక వారం, అది దిగడానికి ఇంకో వారం. మధ్యలో అందరి ముఖాలూ మూడేసి సార్లు, ఉరుము చప్పుడుతో. కంప్యూటర్‌లో అచ్చు గుద్దిన సైన్యం, ఒక్కని ఒంటికీ మట్టి అంటదు. చచ్చినవాడికి తల్లి ఉండదు, ఊరు ఉండదు. దీన్ని వీరగాథ అని అమ్ముతున్నారు, మనం కొంటున్నాం. ఓసారి కుమ్రం భీము జోడేఘాట్ పోరాట కథను ఆరు భాగాలుగా రాసుకొని ఒక ఛానల్ ఆఫీసుకు పోయాను. చదివినాయన బాగుందన్నాడు, చాయ్ తాగించాడు. "ఆరు ఏం సరిపోతయన్నా? ఆరు వందలకు సాగుతదా?" అన్నాడు. కాగితాలు సంచిలో పెట్టుకొని బస్సెక్కాను.

యుద్ధ కథలకు కరువున్న నేలనా ఇది? నిర్మల్‌లో రాంజీ గోండును, ఆయనతో వెయ్యి మందిని ఒక్క మర్రికి ఉరి తీశారని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. మా కరీంనగర్ పోలంపల్లి బిడ్డ అనభేరి ప్రభాకరరావు 1948 మార్చి 14న మహమ్మదాపూర్ గుట్టల్లో, తెలంగాణ సాయుధ పోరాటంలో సహచరులతో కలిసి నేలకొరిగాడు. కుమ్రం భీము మీద 1990లో సినిమా తీస్తే, అది థియేటర్ ముఖం చూడటానికి ఇరవై ఏండ్లు పట్టింది. 'ఆర్ఆర్ఆర్'లో పులితో తలపడ్డ భీమును లోకమంతా చూసింది. పన్నెండు ఊర్ల కోసం తలపడ్డ భీమును ఎంతమంది చూశారు?

అందుకే ఆ ఆరు భాగాలను ఇక్కడ పెడుతున్నాను, తీసే దమ్మున్నవాళ్లు తీసుకోండి. మొదటి రాత్రి ఒక్క తుపాకీ వద్దు. పశువులు మేపితే బంబ్రం, పొయ్యిలోకి కట్టెలు తెస్తే దూపపెట్టి అని పన్ను గుంజే మనిషి ఒక గుడిసె ముందు నిలబడితే చాలు. 'తమస్' పంది అంతసేపు నిలబడాలి. రెండో రాత్రి అస్సాం తేయాకు తోటల్లో తలదాచుకున్న భీము. మూడు, నాలుగు, ఐదు రాత్రులు పన్నెండు ఊర్లు ఒక్కటి కావడం. మాట గోండీలోనే నడవాలి, కింద తెలుగు అక్షరాలు చాలు. వంతకు కిక్రి ఉండనే ఉంది. అది వాయించే చేతులు తగ్గిపోతున్నాయి, తొందరపడండి.

ఆరో రాత్రి, 1940. గుండు తగలడం చూపించొద్దు. తెల్లారి ఏ ఇంట్లో పొయ్యి వెలిగిందో, ఏ ఇంట్లో వెలగలేదో వరసగా చూపించండి. అక్కడితో కథ అయిపోయింది. దాన్ని ఏడో రాత్రికి లాగితే మా బాపమ్మ లేచి ఇంట్లకు పోయేది.