అడ్డుతెర దించేటప్పుడు ఎక్కడ నిలబడాలి?

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఖనిజంతో పాటు మనుషుల్నీ మోసింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఎన్‌ఎండీసీ గనుల్లో కొలువులకు, జగదల్‌పూర్‌లో వ్యాపారాలకు వెళ్లిన తెలుగువాళ్లు అక్కడే కాపురాలు పెట్టారు. వాళ్లింట్లో పెళ్లంటే చుట్టాలు అరకు సొరంగాలు దాటుకుని రైలు దిగుతారు. ఇంకా దక్షిణాన కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు ఎప్పటినుంచో ఊళ్లో వినిపించే మాటే. అందుకే బస్తర్‌లో పెళ్లి ఫోటోలు తీసి బతికే కుర్రాడు ఒకే సీజన్‌లో పీటల మీద తెలుగు పెళ్లినీ, ఇప్పకొమ్మల పందిరి కింద ఆదివాసీ పెళ్లినీ తియ్యాల్సి వస్తుంది. జూమ్‌తో నెట్టుకొస్తున్న ఆ కుర్రాడు కాస్త డబ్బు కూడగానే అడిగే ప్రశ్న ఒకటే: జూమ్ కాని, ఒకే ఎం.ఎం. ఉండే ప్రైమ్ లెన్స్ కొనాలి, ఏది కొనాలి?

ఎక్కువమంది నోట వచ్చే జవాబు ఎయిటీఫైవ్, అంటే 85 ఎం.ఎం. వెనకంతా కరిగిపోయి, ముఖం ఒక్కటే తేలుతుంది కాబట్టి. ఆ అందం నిజమే. కానీ లెన్స్ మీద చెక్కిన అంకె అన్నిటికన్నా ముందు చెప్పేది ఫోటోగ్రాఫర్ ఎంత దూరంలో నిలబడాలో. ఆ దూరం పెళ్లిపందిట్లో దొరుకుతుందా అన్నది కొనేముందే తేలాలి.

లెక్క కష్టమైనది కాదు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాను నిలువుగా పట్టుకుని తల, భుజాలు నిండేలా తీస్తే 35 ఎం.ఎం.తో మనిషికి 60 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లాలి. 50తో 80 సెంటీమీటర్లు దాటుతుంది, 85తో దాదాపు 1.4 మీటర్లు, 135తో రెండుంపావు మీటర్లు. అదే మనిషిని పాదాల దాకా పట్టాలంటే 35తో రెండు మీటర్లు చాలు. 85తో ఐదడుగులు కాదు, ఐదు మీటర్లు కావాలి. స్టూడియోల్లో ఎక్కువగా కనిపించే క్రాప్ సెన్సర్ కెమెరా అయితే ఈ దూరాలన్నీ ఒకటిన్నర రెట్లు పెరుగుతాయి. ఆ కెమెరాకి తగిలించిన 50 లెన్స్ చూపు 75, 80ల దగ్గరుంటుంది. దానికి 85 తగిలించి క్వార్టర్స్ ముందు వేసిన షామియానాలో దంపతుల నిలువు ఫోటో తియ్యబోతే, వీపు వెళ్లి వంటపాత్రలకు తగులుతుంది.

ముఖం రూపు మారేది కూడా దూరంతోనే. ముక్కు కొసకీ చెవికీ మధ్య ఇంచుమించు 12 సెంటీమీటర్లు ఉంటుంది. 60 సెంటీమీటర్ల దగ్గర్నించి తీస్తే చెవితో పోలిస్తే ముక్కు 20 శాతం పెద్దగా పడుతుంది. 1.4 మీటర్ల నుంచి తీస్తే ఆ తేడా 9 శాతానికి తగ్గుతుంది. పెళ్లికూతురి క్లోజప్ 85తో బాగుందనిపించడానికి కారణం గాజులోని మహిమ కాదు, ఆ లెన్స్ ఫోటోగ్రాఫర్‌ని వెనక్కి నడిపించడం.

ఇక జీలకర్ర బెల్లం ముహూర్తం. అడ్డుతెరకి అటొకరు, ఇటొకరు. పురోహితుడు ఒక పక్క, మేనమామ ఒక పక్క, చుట్టూ పెద్దలు, వాళ్ల మధ్య వీడియో లైటు. వధూవరులు ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టగానే ఆ మోచేతులు ఎదుటివాళ్ల ముఖాలకు అడ్డం వస్తాయి. చేతుల కింది నుంచి రెండు ముఖాలూ కనిపించే చోటు ఒకటో రెండో ఉంటుంది. అది పీటలకు రెండు మీటర్ల లోపలే, మోకాళ్ల మీద కూర్చుంటేనే దొరుకుతుంది. అక్కడ పనికొచ్చేది 35. ఐదు మీటర్ల అవతల 85తో నిలబడ్డవాడికి దొరికేది పట్టుచీరల వీపులు. ఆటోఫోకస్‌కి ఇంకో చిక్కుంది. తెర ఉన్నంతసేపూ అది తెరనే పట్టుకుంటుంది, దించాక ముఖాలు వెతుక్కునేలోపు తొలిచూపు అయిపోతుంది. ముందే వరుడి కంటి మీద ఫోకస్ లాక్ చేసి, 35ని 2.8 దగ్గర ఉంచితే, రెండు మీటర్ల దూరంలో అర మీటరు మందాన అంతా స్పష్టంగా వస్తుంది. ఇద్దరూ అందులో ఇముడుతారు.

మరి అపర్చర్ 1.4, 1.8 దాకా తెరుచుకునే లెన్స్‌కి అంత డబ్బెందుకు? వెలుగు కోసం. పోర్ట్రెయిట్ లెన్స్ పుట్టిందే ఆ అవసరంలోంచి. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్స్వాల్ లెక్కలు కట్టి రూపొందించిన లెన్స్, అంతకుముందు నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సిన మనిషికి ఆ శిక్ష బాగా తగ్గించింది. మన అర్ధరాత్రి ముహూర్తాలకూ అదే సాయం కావాలి. 2.8 కన్నా 1.4 నాలుగు రెట్లు వెలుగు లోపలికి రానిస్తుంది. జూమ్‌తో ఐఎస్ఓ 6400 అడిగిన చోట ప్రైమ్‌తో 1600 సరిపోతుంది. చీర జరీ, చెంప మీద పసుపు గ్రెయిన్ లేకుండా వస్తాయి. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, చవక ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. షట్టర్ వేగం 1/100 దగ్గర ఉంచితే ఫోటోలో చారలు పడవు. ఆ వేగానికి కట్టుబడి కూడా ఐఎస్ఓని అదుపులో ఉంచేది పెద్ద అపర్చరే.

పగటి పెళ్లిలో సంగతి తిరగబడుతుంది. మండే ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర కూడా 1.4కి 1/12800 షట్టర్ కావాలి. 1/8000 దాటని కెమెరాలు చాలా ఉన్నాయి. వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టాలి, లేదా అపర్చర్ మూసుకోవాలి.

మూసుకోవడమే మేలనిపించే దృశ్యం బస్తర్ ఆదివాసులైన దండామి మరియాల పెళ్లిలో ఉంది. మగవాళ్లు అడవిదున్న కొమ్ముల తలపాగాలు పెట్టుకుని, పొడవాటి డోళ్లు మెడకు తగిలించుకుని ఆడతారు. తలపాగా అంచు నుంచి గవ్వల కుచ్చులు ముఖం మీదికి వేలాడుతూ అడుగడుగుకీ ఊగుతాయి. 85ని 1.4కి తెరిచి మీటరున్నర దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే మందం రెండున్నర సెంటీమీటర్లు మించదు. కెమెరా గవ్వల్ని పట్టుకుంటుంది, వెనకున్న కళ్లు మసకేసిపోతాయి. అపర్చర్ 4 దగ్గర ఆ మందం ఆరు సెంటీమీటర్లు దాటుతుంది. గవ్వా నిలుస్తుంది, కన్నూ నిలుస్తుంది. ఆ గవ్వలూ కొమ్ములూ ఆ మనిషి పెళ్లికని ధరించి వచ్చిన గౌరవం. వాటిని బ్లర్ చేసి ముఖం ఒక్కటే మిగిల్చిన ఫోటో ఆయనకు అన్యాయం చేసినట్టే.

బస్తర్‌కి ఈ విషయంలో గొప్ప వారసత్వం ఉంది. 1940లలో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఇక్కడి మురియా ఆదివాసుల మధ్య పనిచేశాడు. ఆయన పుస్తకం ‘ద మురియా అండ్ దెయిర్ ఘోటుల్’ 1947లో వచ్చింది. ఎల్విన్‌తో కలిసి తిరిగిన ఫోటోగ్రాఫర్ సునీల్ జానా తీసిన ఆదివాసీ చిత్రాలు దేశంలోని మేటి ఫోటోల్లో నిలిచాయి. 1950లలో స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డార్ఫ్ నారాయణపూర్ ప్రాంతంలో సినిమా తీసినప్పుడు, ఆయన భార్య ఆస్త్రిద్ గఢ్‌బెంగాల్ కుర్రాడు చెంద్రునీ అతని పులినీ ఫోటోలు తీసి పుస్తకంగా తెచ్చింది. స్టిల్ కెమెరాలకు తొలి జూమ్ లెన్స్, ఫోక్ట్‌లాండర్ జూమార్, మార్కెట్లోకి వచ్చింది 1959లో. అంటే ఆ ఫోటోలన్నీ ఫిక్స్‌డ్ లెన్స్‌తో తీసినవే. ముఖం పెద్దగా కావాలంటే లెన్స్ మార్చాలి, లేదా మనిషి దగ్గరికి నడవాలి. దగ్గరికి నడవాలంటే ఆ మనిషి రానివ్వాలి. వాళ్లు నెలల తరబడి ఊళ్లలో మసలింది ఆ చనువు ఏర్పడడానికి కూడా.

ఇప్పుడు వారపు సంతల్లో జరుగుతున్నది వేరు. పొడవాటి జూమ్‌తో అవతలి గట్టు నుంచి, ఇప్పపూలు అమ్ముకుంటున్న ఆడమనిషి ముఖాన్ని ఆమెకు తెలియకుండా లాక్కునే వాళ్లు ఎక్కువయ్యారు. ఆ పని మానాలి. 35గానీ 50గానీ చేతిలో ఉంటే ముందు పలకరించక తప్పదు. ఆమె వద్దంటే ఆ మాట చెవిన పడేంత దగ్గర్లో ఉంటాం.

కొనే వరస విషయానికొస్తే, ఫుల్‌ఫ్రేమ్ ఉన్నవాడికి మొదట 35, తర్వాత 85. క్రాప్ సెన్సర్ ఉన్నవాడికి 23, 24 ఎం.ఎం.లలో ఒకటి, దాని తోడుగా 50. కెనాన్ 50 ఎం.ఎం. 1.8 ఎస్‌టీఎం బరువు 160 గ్రాములే, 35 సెంటీమీటర్ల దగ్గరిదాకా ఫోకస్ అవుతుంది. తమలపాకు మీది జీలకర్ర బెల్లం ముద్దకి, మంగళసూత్రం ముళ్లకి అది చక్కగా పనికొస్తుంది. అదే కంపెనీ పాత 85 ఎం.ఎం. 1.8 అయితే 85 సెంటీమీటర్ల కన్నా దగ్గరికి రానివ్వదు. 135ని పెద్ద కల్యాణమండపాల్లో పనిచేసేవాళ్లు తప్ప మిగతావాళ్లు అద్దెకు తెచ్చుకుంటే చాలు.

డబ్బు చెల్లించేముందు చెయ్యాల్సిన పని ఇంకొకటుంది. గత సీజన్‌లో తీసిన పెళ్లిళ్లలో ఇంటివాళ్లు ఆల్బమ్‌కి ఏరుకున్న ఫోటోలు మాత్రమే కంప్యూటర్లో తెరిచి, ఒక్కోటీ ఏ ఎం.ఎం. దగ్గర తీసిందో కాగితం మీద రాసుకోవాలి. ఆ వివరం ప్రతి ఫైల్లోనూ దాచి ఉంటుంది. ఎక్కువ గీతలు 35 చుట్టూ పడ్డాయో, 70 దగ్గర పడ్డాయో చూసుకుని, జూమ్ రింగ్‌ని ఆ అంకె దగ్గర టేపు వేసి బిగించి, వచ్చే పెళ్లి మొత్తం అలాగే తియ్యాలి.