నల్ల వైరు

ఏప్రిల్ 15 వచ్చిందంటే విశాఖ ఫిషింగ్ హార్బరులో వేటకి సెలవు, మాకు పని. జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కడలి మొహం చూడవు. వలలు ఒడ్డుకొస్తాయి, బోట్లు స్లిప్‌వే ఎక్కుతాయి. వడ్రంగులు, వెల్డర్లు, రంగులవాళ్లు, ఇంజను మేస్త్రీలు ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ పని చేస్తారు. ఆ సందడిలో ఆఖరి పిలుపు మాది. రంగు ఆరిపోయి, ఐసు ఎక్కించడానికి నాలుగు రోజులుందనగా ఓనరుకి గుర్తొస్తుంది, రాడారు ఓసారి చూపించాలని.

వచ్చి ఆయన అడిగేది ఒకటే: “బొమ్మ వస్తందా?”

బొమ్మ రావడం తేలిక. పెట్టె విప్పి, ఎర్ర వైరు ఇటు, నల్ల వైరు అటు బిగించి స్విచ్చేస్తే ఒడ్డున బొమ్మ రాని సెట్టుండదు. నడి సముద్రంలో, అర్ధరాత్రి, పదో రోజున రావాలి. ఆ తేడా ఏమిటో నేను పుస్తకంలో కాదు, సిగ్గుపడి నేర్చుకున్నాను.

ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడు. 43 అడుగుల చెక్క బోటుకి చిన్న డోము రాడారు బిగించాను. మన హార్బరులో అన్ని బోట్లకీ రాడారుండదు. జీపీఎస్, ఎకో సౌండర్, వీహెచ్ఎఫ్‌తో సరిపెట్టుకునేవాళ్లే నాకు ఎక్కువగా తగిలారు. ఆ ఓనరు ముచ్చటపడి పెట్టించుకున్నాడు. మొదటి వేట నుంచి బోటు తిరిగొచ్చిన పొద్దున్నే జెట్టీ మీద డ్రైవరు తాత నన్ను పట్టుకున్నాడు. “ఏటి బాబూ, కొత్త సెట్టు అప్పుడే సచ్చిపోనాదేటి?”

వల వేసి, ఇంజను ఆపి, దీపాలు పెట్టుకుని తేలుతున్నప్పుడు సెట్టు ఆరిపోతోందట. మళ్లీ దానంతటదే వెలుగుతోందట. దారిన పోయే పెద్ద ఓడకి చెక్క బోటు సరిగా కనపడదు. అందుకే ఓడ మనల్ని చూడకపోయినా మనం ఓడని చూడాలి. సరిగ్గా ఆ వేళకే నా సెట్టు కన్ను మూసేస్తోంది.

మీటరు తీశాను. సెట్టు వెనక వైరు ఊడదీసి చూస్తే 12.4 వోల్టులు. బ్యాటరీ దగ్గరా అంతే. వైరింగ్ బ్రహ్మాండం, లోపం సెట్టులోనే అని తీర్పు చెప్పేసి, సెట్టు విప్పి షాపుకి తెచ్చాను. మూడు రోజులు బల్ల మీద ఆగకుండా నడిచింది. తిరిగి బిగించాను. మళ్లీ ఆరిపోయింది. ఓనరు నన్నేమీ అనలేదు గానీ మా గురువుగారికి కబురుపెట్టాడు.

ఆయన వచ్చి మొదట సెట్టు ఆన్ చేసి, ట్రాన్స్‌మిట్ నొక్కించారు. డోము లోపల యాంటెనా తిరగడం మొదలైంది. అప్పుడు మీటరు అడిగారు. ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ స్తంభం మీద, పొడుగు వైరు కట్టిన రెండో పిన్ను సెట్టు నెగటివ్ మీద పెట్టారు. రెండూ ఒకటే తీగ రెండు చివరలు. సున్నా రావాలి, లేదా సున్నాకి దగ్గర. 1.4 వచ్చింది.

నేను చూసింది ఖాళీ తీగని. బరువెత్తని తాడు ఎంత చివికినదైనా గట్టిదానిలాగే కనపడుతుంది. కరెంటు పారని తీగలో వోల్టేజీ తగ్గదు. పారితేనే తీగ గుణం బయటపడుతుంది. ఎర్ర వైరులో 0.4, నల్ల వైరులో 1.4. బ్యాటరీలో 12.4 ఉన్నా సెట్టుకి అందేది 10.6. దీపాల బరువుకి బ్యాటరీ ఇంకాస్త దిగగానే, పదికి చేరువగా వచ్చి సెట్టు తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. ఒడ్డున ఇంజను నడుపుతూ చూస్తే ఆల్టర్నేటరు 14 దాకా తోస్తుంది గనక అంతా సవ్యంగా కనపడుతుంది.

గురువుగారు నల్ల వైరుని వేళ్లతో తడుముకుంటూ వెళ్లారు. ఇంజను గది గోడ దాటేచోట, బల్లచెక్క వెనక, నల్ల టేపు ముద్ద ఒకటి చేతికి తగిలింది. నాకు వెంటనే గుర్తొచ్చింది. బిగించిన రోజున తీగ మూరెడు తక్కువైతే, షాపుకి మళ్లీ ఎవరెళ్తారని, రెండు ముక్కలు మెలిపెట్టి టేపు చుట్టేశాను. ఆయన టేపు విప్పారు. లోపల రాగి లేదు, పచ్చటి చిలుము పొడి. నాలుగైదు పోగులు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఆ పొడిని నా అరచేతిలో పోసి, ఆయన బీడీ వెలిగించుకుని డెక్కు మీదికి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి.

అప్పట్నుంచి తీగ కొనేముందు లెక్క కడతాను. చిన్న రాడారు 40 వాట్లు తింటే 12 వోల్టుల మీద 3.3 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి సెట్టుకి మూలలు తిరుగుతూ 10 మీటర్ల దారి. కానీ లెక్కలో వేయాల్సింది 20, ఎందుకంటే వెళ్లిన కరెంటు తిరిగి రావాలి. ఇళ్లలో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగైతే దారిలోనే ముప్పావు వోల్టు పోతుంది. 4 చదరపు మిల్లీమీటర్లదైతే 0.3 వోల్టు లోపే. ముఖ్యమైన పరికరాలకి నూటికి మూడు పాళ్లకి మించి పోనివ్వకూడదన్నది బోటు వైరింగులో పాటించే లెక్క, అంటే 12లో 0.36. తీగ కూడా తగరం పూత పూసిన సన్నపోగుల రాగి అయితేనే ఉప్పుగాలికి ఆగుతుంది. తీగ చివర లగ్గుని క్రింపు చేసి, లోపల జిగురున్న స్లీవుని వేడిచేసి మూయాలి. ఒక్క సోల్డరునే నమ్ముకుంటే, ఇంజను అదురుకి సీసం ఆగినచోట తీగ పుటుక్కున తెగుతుంది. ఇక ఫ్యూజు ఉండాల్సింది బ్యాటరీకి జానెడు దూరంలో, సెట్టు పక్కన కాదు. అది కాపాడేది తీగని. 2023 నవంబరు 19 రాత్రి మన హార్బరులో పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. ఆ మంటని వైరింగుకి అంటగట్టడం లేదు. డీజిలూ, గ్యాసు బండా, చెక్కా, ఫైబరూ ఒకచోట ఉన్న బోటులో మంట ఎలా పాకుతుందో చూసినవాణ్ణి కాబట్టి, ఫ్యూజు లేని తీగని చూస్తే నాకు నిద్ర పట్టదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఎర్తింగు. ఇంట్లో అయితే గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, పైపు పాతి, నీళ్లు పోస్తాం. బోటులో పాతడానికి నేలేది? చుట్టూ ఉప్పునీళ్లే ఎర్తు. చెక్క బోటు, ఫైబరు బోటు అయితే నీటిమట్టం కింద రాగి పలకో కంచు పలకో బిగించి, దానికి కలపాలి. ఆ పట్టీ గుండ్రటి తీగ కాకుండా వెడల్పాటి రాగి రేకు అయితే మేలు. రేడియో రకం అల్లరి కరెంటు లోహం పైపొర మీదే పారుతుంది, దానికి లావు కన్నా వెడల్పు ముఖ్యం.

ఇక్కడే కొత్త కుర్రాళ్లు పొరపడతారు. బ్యాటరీ నెగటివ్ వేరు, సెట్టు బాడీకిచ్చే ఎర్తు వేరు, పిడుగు కోసం వేసే దారి వేరు. మూడూ ఎక్కడో ఒక్కచోటే కలవాలి. ఏ సెట్టుకా సెట్టు దొరికిన బోల్టుకల్లా ఎర్తు బిగిస్తే, నల్ల వైరు చెడిన రోజున కరెంటు ఇంటికి అడ్డదారి వెతుక్కుంటుంది. కేబుల్ జాలీలోంచి, ఇంజనులోంచి, ఫ్యాను (ప్రొపెల్లరు) షాఫ్టులోంచి. లోహం వదిలి నీటిలోకి దిగినచోటల్లా ఆ లోహాన్ని తినేస్తూ పోతుంది. తుప్పుకి ఏళ్లు పట్టే పనిని ఈ దారితప్పిన కరెంటు వారాల్లో చేసేస్తుంది. అందుకే స్టీలు బోటు అయినా సరే, ఒళ్లంతా ఇనుమే కదా అని దాన్ని నెగటివ్‌గా వాడుకోకూడదు. కొన్ని రాడారు సెట్లలో నెగటివ్‌కీ బాడీకీ అసలు సంబంధమే ఉండదు. వాటిని సెట్టు దగ్గర మనం కలిపితే కంపెనీవాడు కట్టిన గోడని మనం కూల్చినట్టే.

తీగలకి ఇరుగుపొరుగు గొడవలు కూడా ఉంటాయి. రాడారు కేబుల్నీ ఎకో సౌండర్ కేబుల్నీ ఒకే కట్టగా కడితే, తెర మీద లేని చేపలు కనపడతాయి. దూరం ఉంచాలి, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించాలి. కంపాసు దగ్గర్లోంచి పోయే ఎరుపూ నలుపూ తాడుకి పురి పెట్టినట్టు మెలిపెట్టాలి, అప్పుడు ఒకదాని అయస్కాంతాన్ని ఇంకోటి చంపుతుంది. చవక ఎల్ఈడీ దీపాలది ఇంకో రభస. వాటి వల్ల వీహెచ్ఎఫ్ రేడియో, ఓడల ఉనికి చెప్పే ఏఐఎస్ దెబ్బతింటున్నాయని 2018లో అమెరికా కోస్ట్‌గార్డు హెచ్చరిక కూడా జారీచేసింది. రేడియో గరగరమంటే నేను మొదట చేసే పని దీపాలార్పడం.

రాడారు పుట్టిందే నావల కోసం. 1904లో జర్మనీ వాడు హుల్స్‌మేయర్ కొలోన్‌లో రైన్ నది మీద వెళ్లే నావల్ని రేడియో అలలతో పసిగట్టి చూపించాడు. ఓడలు గుద్దుకోకూడదన్నది అతని ఆశ. ఇవాళ్టి డోము వదిలే కెరటం సముద్రపు మైలు దూరంలోని ఓడని తాకి తిరిగి రావడానికి 12 మైక్రోసెకన్ల పైచిలుకు పడుతుంది. వదలడం అలల్ని పుట్టించే ఏ మాగ్నెట్రానైనా చేస్తుంది. తిరిగొచ్చిన పిసరంత అలని పట్టుకోవడంలోనే రాడారు పనితనమంతా. తీగల సంగతీ అంతే. ఎర్ర వైరుని అందరూ జాగ్రత్తగా చూస్తారు, ఇంటికి తిరిగొచ్చే నల్ల వైరుని టేపుకి వదిలేస్తారు.

బిగింపు అయ్యాక ఇప్పుడు ఇంకో పని చేస్తున్నాను. ఏ తీగ ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తుందో, ఏ ఫ్యూజు దేనిదో కాగితం మీద గీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, బ్యాటరీ పెట్టె మూతకి లోపలివైపు అంటిస్తాను. నడి సముద్రంలో నేనుండను. టార్చి పట్టుకున్న కళాసీ ఉంటాడు.

ఆ తాత ఇప్పటికీ డ్రైవరే. పోయిన జూన్ 14 సాయంత్రం, జెట్టీ నిండా ఐసు బండ్లు, డీజిలు డ్రమ్ములు. ఆయన బోటులో తెర మీద హార్బరు గోడా, డాల్ఫిన్స్ నోస్ కొండా చక్కగా కనపడుతున్నాయి. ఆయన వాటి వంక చూడనైనా లేదు. వంగి బ్యాటరీ పెట్టె మూత ఎత్తాడు. “బొమ్మ సంగతి సరే గాని బాబూ, మీటరెట్టి నల్ల వైరు సూసినావా?”

0.1 చూపించాను. మూత వేసేసి, ఇంజను స్టార్టు చేయమని కేకేశాడు.